డబ్బు కట్టి రచయిత్రిని చేయకండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. తన అనుభవాలు చిన్న చిన్న వ్యాసాలుగా రాసి పత్రికలకు పంపుతానంటోంది. రూ.20 వేలు కడితే సంకలనంలో వేసి సర్టిఫికెట్ ఇస్తామని, అమెరికా అడ్మిషన్‌కు పనికొస్తుందని ఒక కన్సల్టెన్సీ చెప్పింది. కట్టమంటారా? తర్వాత ఇంజినీరింగ్ మేలా, జర్నలిజమా?
- ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: కట్టకండి. పేరున్న తెలుగు పత్రికేదీ రాసినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోదు. ఈ సంకలనాల తంతు నాకు బాగా తెలుసు. ఒక్కో పుస్తకంలో పాతిక ముప్పై మంది ‘సహ రచయితలు’, తలా ఇంత వసూలు. అక్షరదోషాలు దిద్దే దిక్కుండదు, కొనేది మేనమామలూ పిన్నులే. కట్టిన ప్రతివాళ్లదీ అచ్చవుతుంటే ఆ సర్టిఫికెట్‌కు విలువెక్కడిది? అమెరికాలో చాలా కాలేజీలకు దరఖాస్తు చేసే కామన్ యాప్ 650 పదాల్లోపు సొంత వ్యాసమే అడుగుతుంది. ఆ సాధన మీ ఇంట్లో పైసా ఖర్చు లేకుండా జరుగుతోంది.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. అమ్మాయి రాసింది మీరు చదివారా? ఉత్తరంలో ఫీజు ఉంది, అమెరికా ఉంది, ఆ పిల్ల దేని గురించి రాస్తోందో ఒక్క ముక్క లేదు. ఇంటి గుట్టు పత్రికకెక్కుతుందని భయమైతే అది సమంజసమే. పేర్లు మార్చమనండి, ఎవరి గురించి రాసిందో వాళ్లకు ముందే చూపించమనండి. అంతకుమించి కత్తెర పట్టుకోకండి.

పంపడం పెద్ద విద్యేం కాదు. యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా చదవగలిగే తెలుగు అక్షరాల్లో టైపు చేసి, సొంత రచనేనని హామీ పత్రం జతచేసి, ఒక వ్యాసం ఒకసారి ఒక్క పత్రికకే పంపాలి. ముందే ఫేస్‌బుక్‌లో పెడితే చాలా పత్రికలు తీసుకోవు. ఆదివారం అనుబంధాలున్నాయి, 1998 నుంచి వస్తున్న ‘ఈమాట’ లాంటి వెబ్ పత్రికలున్నాయి. నెలల తరబడి జవాబు రాకపోవచ్చు, దానికే పిల్లలు డీలా పడతారు. అప్పుడు ‘చెప్పానా’ అనకండి.

ఇక ఇంజినీరింగా, జర్నలిజమా? ఇలాంటి వ్యాసాలకు జర్నలిజం డిగ్రీ అక్కర్లేదు. వీటితో ఇల్లు గడవదు కూడా. లెక్కలంటే ఇష్టముంటే బీటెక్ చేయనివ్వండి, ఏ డిగ్రీ తర్వాతైనా పీజీలో జర్నలిజం చేరొచ్చు. గంట రాసుకుంటే ర్యాంకు పోదు. ఫోన్ జోలికి వెళ్లని మీరు పెన్ను లాక్కుంటానంటే ఎలా?

కన్సల్టెన్సీకి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చుంటే రసీదు తీసుకెళ్లి వెనక్కి అడగండి.