జీతం నెలకోసారి, గుంట నాలుగు నెలలకోసారి

పాఠకుల ప్రశ్నలు: పని, డబ్బు, మన పద్ధతులు

ప్రశ్న: మాది విడవలూరు మండలం. మా నాయన నాలుగెకరాల్లో రొయ్యలు వేస్తాడు. నేను చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాను, చేతికి 45,000 వస్తుంది. చుట్టాల ఫంక్షన్లలో నేను 500 చదివిస్తే ఆయనకు తలకొట్టేసినట్టు ఉంటుంది. ఆయనేమో నెత్తిన అప్పు పెట్టుకుని 10,000 చదివిస్తాడు. పిసినారివని ఆయన, దుబారా అని నేను. ఎవరిది తప్పు?

జవాబు: ఇద్దరూ లెక్క ప్రకారమే నడుస్తున్నారు, లెక్కలే వేరు. మీ జీతం చెప్పిన రోజుకు పడుతుంది. చేతికి రాకముందే మూల వేతనంలో 12 శాతం పీఎఫ్‌కు పోతుంది, కంపెనీ మరో 12 శాతం కలుపుతుంది. ఆస్పత్రికి బీమా కార్డు ఉంటుంది. కష్టం వస్తే మిమ్మల్ని ముందు ఆదుకునేది కాగితం. అందుకే చుట్టరికం మీకు సెలవు రోజు పనిలా కనిపిస్తుంది.

రొయ్యల గుంట సంగతి చూడండి. పిల్ల వదిలిన దగ్గర్నుంచి మూడు నాలుగు నెలలు డబ్బు పోవడమే గాని రావడం ఉండదు. పెట్టుబడిలో సగానికి పైగా మేతే తింటుంది. మేత అప్పు మీద తెస్తే నగదుకు దొరికే తగ్గింపు పోతుంది. చాలాచోట్ల సరుకు కూడా అప్పిచ్చినవాళ్లు చూపించినచోటికే తోలాలి. 70వ రోజున తెల్లమచ్చ పడిందంటే దానికి మందు లేదు, అది వైరస్. రాత్రికి రాత్రి పట్టుబడి చేయాలి. 50 కౌంట్‌కు, అంటే కిలోకు 50 తూగేలా ఒక్కోటి 20 గ్రాములకు తేవాలనుకున్న రొయ్య 100 కౌంట్‌లో, 10 గ్రాముల దగ్గరే వెళ్లిపోతుంది. ఒక్క రొయ్య చావకపోయినా బరువు సగం, పైగా చిన్న కౌంట్ కాబట్టి కిలో ధరా తక్కువ.

ఆ రాత్రి వల లాగే మనుషులు, ఐసు బండి, పక్క గుంటాయన జనరేటరు ఫోన్ కొట్టగానే రావాలి. మొన్న వాళ్లింట్లో పెళ్లికి మీ నాయన వెళ్లి, పంక్తిలో కూర్చుని, చదివించి వచ్చాడు కాబట్టి వస్తారు. ఆయనకు చదివింపు అంటే బీమా కిస్తు. 1990ల నడిమిలో తెల్లమచ్చ టైగర్ రొయ్యను ఊడ్చేసింది. దాని బదులు వేసే వెనామీ రకం రొయ్యకు 2009లో గాని అనుమతి రాలేదు. ఆ మధ్య కాలం చూసినవాళ్లు బ్యాంకు కన్నా బావమరిదిని ఎక్కువ నమ్ముతారంటే ఆశ్చర్యమేముంది?

అయితే బీమా కిస్తును ఎవరూ వడ్డీకి తెచ్చి కట్టరు, అక్కడ మాత్రం ఆయనది పొరపాటే. నూటికి రెండు రూపాయలకు తెచ్చిన 10,000కి ఏడాదికి 2,400 వడ్డీ. అవతలివాళ్లు తిరిగి చదివించేది 10,000 మాత్రమే, అదీ ఎప్పుడో.

ఇంట్లోని చదివింపుల పుస్తకాలు దించండి. ఎవరు, ఏ ఏడు, ఎంత చదివించారో, మీవాళ్లు తిరిగి ఎంత ఇచ్చారో ఎదురెదురుగా రాయండి. చాలా పేర్ల దగ్గర బాకీ ఎప్పుడో తీరిపోయిందని తేలుతుంది. ఇక మీ జీతంలో 5 శాతం, నెలకు 2,250 వేరే ఖాతాలో వేయండి. ఏడాదికి 27,000. మేనమామ, మేనత్త వరస ఇళ్లలో మూడు ఫంక్షన్లకు 5,000 చొప్పున 15,000 పోతే, మిగిలిన 12,000 పన్నెండు ఇళ్లకు వెయ్యేసి సరిపోతుంది. ఇంటికి ఒకటే చదివింపు, పుస్తకంలో నాయన పేరే ముందు. ఈ పేరు సంగతి చిన్నదని వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పర్సనల్ లోన్ తీసి గుంటలో మాత్రం పెట్టకండి. కిస్తు వచ్చే నెల నుంచే మొదలవుతుంది, పంట డబ్బు నాలుగు నెలలకు వస్తే వచ్చినట్టు.

మీరు అడగని ప్రశ్న ఒకటి మేం అడుగుతాం. జబ్బు పడిన గుంట నీళ్లు మీ నాయన ఏం చేస్తాడు? బ్లీచింగ్ కొట్టి, కనీసం వారం నిలవ ఉంచి వదలాలి. కానీ బ్లీచింగ్ ఖర్చు ఆయనది, లాభం కింది గుంటలవాళ్లది. పంట పోయి కూర్చున్న మనిషి ఆ ఖర్చు పెట్టడు. చీకట్లో తూము ఎత్తేస్తాడు. కాలువ కిందివాళ్లు అదే నీళ్లు తోడుకుంటారు. వేలకు వేలు చదివించే మనుషులే ఈ పని చేస్తారు, అదీ విడ్డూరం. దీనికి సుద్దులు పనికిరావు, కట్టుబాటు కావాలి. ఒక కాలువ మీద 40 ఎకరాలుంటే పంటకు ఎకరాకు 500 ముందే వసూలు చేస్తే 20,000 అవుతుంది. ఎవరి గుంటకు జబ్బొస్తే వాళ్ల బ్లీచింగ్ ఖర్చు అందులోంచి. జబ్బు దాచాల్సిన అవసరం అప్పుడు తగ్గుతుంది. మీ ఐదు శాతంలో ఒక ఏడాది కొంత ఇటు మళ్లించినా మీ నాయన ఏమీ అనుకోడు. అడిగి చూడండి.

ప్రశ్న: నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మా ఆవిడ నా ఉద్యోగం కోసం స్వర్ణాల చెరువు దగ్గర రొట్టె పట్టుకోమంటుంది. వెళ్లడం నన్ను నేను మోసం చేసుకోవడమేనా? (నెల్లూరు)

జవాబు: వెళ్లండి, నీళ్లలో నిలబడి చూడండి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన జరిగే ఈ పండగలో ఎవరి కోరిక తీరిందో వాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకు ఇస్తారు. పుచ్చుకున్నవాళ్లు కోరిక తీరాక మళ్లీ వచ్చి ఇవ్వాలి. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె. ఊరికి ఏ ఏడు ఏం కరువైందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి సర్వే ఉండదు. ఉద్యోగం లేదని నలుగురిలో గట్టిగా చెప్పుకోవడానికి మామూలు రోజుల్లో మగవాడికి నోరు రాదు, ఇక్కడ సిగ్గుపడక్కర్లేదు. నమ్మకం లేకపోతే రొట్టె పట్టుకోకండి. ఆవిడ పట్టుకుంటే పక్కన నిలబడండి. దరఖాస్తులు మాత్రం మీరే పెట్టుకోవాలి.

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. రెండు బ్యారన్ల (ఆకు కాల్చే గదుల) పొగాకు వేస్తాం. ఫార్మసీ చదివే మా అమ్మాయి, 'మన తిండి జనాన్ని చంపే డబ్బుతో వచ్చింది నాన్నా' అంది. ఆ మాట మింగుడు పడటం లేదు. పంట మానేయాలా?

జవాబు: అమ్మాయి మాట అబద్ధం కాదు. పొగ ఏం చేస్తుందో ఆమె పాఠ్యపుస్తకంలోనే ఉంది. ఆమె ఫీజు కట్టింది ఏ డబ్బు అన్నదీ నిజమే. కానీ 'మానేయాలా, వద్దా' అని ఒక్క ఊపున అడిగితే జవాబు రాదు. ముందు ఈ పంట మిమ్మల్ని ఎందుకు పట్టుకుని ఉందో చూడండి.

పొగాకు బోర్డు 1976 నుంచి ఉంది. బ్యారన్‌కు లైసెన్సు, ఇంత పండించమని కోటా, ఒంగోలు, టంగుటూరు, కందుకూరు, పొదిలి లాంటి చోట్ల వేలం కేంద్రాలు, డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాకు. మిర్చికో శనగకో ఇలాంటి ఏర్పాటు ఉందా? బ్యాంకు పంట రుణం ఇచ్చేదీ వేలం డబ్బు చూసే. పైగా బ్యారన్ కట్టడం మీద పెట్టిన డబ్బు వేరే పంటకు అక్కరకు రాదు. అలవాటు అనుకునే దాంట్లో చాలా భాగం ఈ ఏర్పాటే.

కాబట్టి ఒక్కసారిగా కాదు, ఒక్కో బ్యారన్ చొప్పున ఆలోచించండి. నల్లరేగడి ఉంటే ఒక బ్యారన్ కింది పొలంలో అక్టోబరు, నవంబరులో శనగ వేయండి. జేజీ-11 రకం తొంభై, నూరు రోజుల్లో వస్తుంది, నేలలోని పదునే చాలావరకు సరిపోతుంది, కట్టెల ఖర్చు లేదు. చెడేది రెండు చోట్ల. ఒకటి ఎండు తెగులు, ఏటా అదే చేలో శనగే వేస్తే ముదురుతుంది. రెండోది ధర. ధర పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టి, బాడుగా వడ్డీ కలిసి మింగేసిన రైతులు ఈ జిల్లాలో కొల్లలు. సగం కల్లంలోనే అమ్మేయండి. తేలికపాటి ఎర్ర నేల అయితే శనగ ఊసెత్తకండి. కంది, జామాయిల్ లెక్కలు వేసుకోండి.

మానినా మానకపోయినా ఈ సీజన్ నుంచే చేయగలిగినది ఒకటుంది. మంచు పడిన తడి ఆకు కోసేటప్పుడు నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. కూలీలకు తల తిరగడం, వాంతులు, నీరసం. మనవాళ్లు పైత్యం అని మజ్జిగ ఇచ్చి కూర్చోబెడతారు. మంచు ఆరాక కోత మొదలుపెట్టండి. చేతులకు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా ఇవ్వండి, తడిసిన బట్ట మార్పించండి. చేలోనే సబ్బు, నీళ్లు పెట్టండి. గర్భిణులను, పిల్లలను ఆకు దగ్గరికి రానివ్వకండి. ఆలస్యంగా మొదలైతే ఆ రోజు పని తగ్గుతుంది, కూలి మాత్రం తగ్గించకండి. సిగరెట్ తాగేవాడు మీకు కనపడడు. ఈ ఆడకూలీలు కనపడతారు. అమ్మాయి చదివే ఫార్మసీ మీ చేలోనే అక్కరకొచ్చే చోటిది. గ్లవ్స్ ఆమెతోనే తెప్పించండి.

ప్రశ్న: వింజమూరు వైపు. నేను పొదుపు సంఘంలో ఉన్నాను. మా వాటాకు వచ్చే లక్ష రూపాయలు మా ఆయన బండి కొనడానికి అడుగుతున్నాడు. 'మొగుడికివ్వని డబ్బు ఎందుకు' అంటుంది మా అత్త. ఇవ్వనంటే చెడ్డదాన్నవుతానా?

జవాబు: మీరున్నది ఏ గడ్డో మీ అత్తమ్మకు గుర్తు చేయండి. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించింది 1990ల మొదట్లో. అక్కడ పుట్టిన గొడవ రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్లింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం రెండేళ్లకే సడలింది గాని, ఆ ఊపులోనే మన నెల్లూరు జిల్లాలో మొదలైన పొదుపులక్ష్మి పథకం నిలిచింది. రోజుకు రూపాయి, నెలకు ముప్పై. సారా కొట్టుకు పోయే రూపాయి ఆడవాళ్ల పుస్తకంలోకి ఎక్కాక ఇంట్లో మాట చెల్లే తీరే మారింది. మీ అత్తమ్మ వయసును బట్టి చూస్తే ఆవిడా ఆ రూపాయి కట్టే ఉంటారు.

మీ ఆయనకు ఇవ్వడం తప్పేమీ కాదు. బండి దేనికన్నది తేల్చండి. పాలు పోయడానికో కూరగాయలు వేసుకెళ్లడానికో అయితే నెలకు ఎంత తెస్తుందో రాయించండి. ఊరికే తిరగడానికైతే కిస్తు ఎవరి కూలిలోంచి పోతుందో అడగండి. సంఘం అప్పు మీ పేరు మీద ఉంటుంది, మీరు కట్టకపోతే మిగతా సభ్యుల మీద పడుతుంది. బండి మాత్రం ఆయన పేరున ఉంటుంది. అది మీ పేరున రిజిస్టర్ చేయిస్తారా అని అడిగి చూడండి, సగం సంగతి అక్కడే తేలుతుంది.

వడ్డీ లెక్క మీరే వేసుకోవాలి. లక్షకు రూపాయి వడ్డీ, 20 నెలల కిస్తు అనుకోండి. నెలకు 5,000 అసలు. మిగిలిన అసలు మీదే వడ్డీ వేస్తే మొదటి నెల 1,000, రెండో నెల 950, చివరి నెల 50. మొత్తం 10,500. అదే మొదట తీసుకున్న లక్ష మీదే చివరిదాకా వేస్తే 20,000. రెంటినీ 'రూపాయి వడ్డీ' అనే అంటారు. బయట కిస్తుకు తెస్తానని ఆయన అంటే ఇది చూపించండి. సంఘం తీర్మానంలో అప్పు దేనికో ఉన్నదున్నట్టు రాయించండి. గేదె అని రాసి బండి కొంటే రేపు మాట పడేది మీరే. ఏటీఎం కార్డు, పిన్ మీ దగ్గరే ఉండాలి.

ప్రశ్న: తోడబుట్టినవాడిలాంటి స్నేహితుడికి రెండు లక్షలు ఇస్తున్నాను. ప్రామిసరీ నోటు రాయమంటే నమ్మకం లేదన్నట్టు ఉండదా? (కావలి)

జవాబు: మీ ఇద్దరిలో ఒకరికి ఏదైనా అయితే ఈ నమ్మకం భార్యాపిల్లలకు తెలియదు. నోటు వాళ్ల కోసం అని చెప్పండి, ఎవరికీ మనసు నొచ్చదు.

డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. 20,000 గాని ఆ పైన గాని నగదుగా అప్పు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. ఇద్దరిదీ వ్యవసాయ ఆదాయమే అయి, పన్ను పడే ఆదాయం ఎవరికీ లేకపోతేనే మినహాయింపు. నోటులో తేదీ, అంకెల్లోనూ అక్షరాల్లోనూ సొమ్ము, వడ్డీ రేటు, 'మీరు కోరినప్పుడు మీకు గాని మీ అనుమతి పొందినవారికి గాని' చెల్లిస్తానన్న మాట ఉండాలి. రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం. ఖాళీ నోటు మీద సంతకం ఎవరూ చేయకూడదు, చేయించుకోనూ కూడదు. స్నేహాలు చెడేది ఎక్కువగా అక్కడే.

నోటుకు బలం రాసిన తేదీ నుంచి మూడేళ్లు. అడగడానికి మొహమాటపడి ఆ మూడేళ్లు దాటించుకునేవాళ్లే ఎక్కువ. గడువులోపల ఆయన ఎంతో కొంత ఇచ్చినప్పుడు, వెయ్యి రూపాయలైనా సరే, నోటు వెనక తేదీతో ఆయన చేత చెల్లు వేయించి సంతకం పెట్టించండి. ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. చెల్లు మీరే రాసుకుని ఆయన సంతకం లేకుండా ఉంచితే కోర్టులో నిలవదు. అప్పు తీరిన రోజున నోటు ఆయన చేతికే ఇచ్చేయండి, ఆయన ముందే చింపేయడం మన వైపు ఆనవాయితీ.