లీవు లెటరు రాయించకండి

పెద్దవాళ్ల ఇంగ్లిష్ స్థాయి తేల్చడం: సరిహద్దు జిల్లాల పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పర్లాకిమిడిలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు ఇంగ్లిష్ క్లాసు మొదలుపెడుతున్నాం. ముప్పై మంది పేర్లిచ్చారు. దుకాణాల వాళ్లు, ఆటో నడిపేవాళ్లు, ప్రైవేటు స్కూలు టీచరమ్మలు, ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు, అందరూ ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివింది ఎక్కువమంది ఒడియా మీడియం. 40 ప్రశ్నల గ్రామరు పేపరు ఒకటి పెట్టి, మార్కుల్ని బట్టి మూడు బ్యాచీలు చేద్దామనుకుంటున్నాం. సరిపోతుందాండీ?

జవాబు: సరిపోదు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులిచ్చి ఒకటి టిక్కు పెట్టమంటే, ప్రశ్న చదవకుండా టిక్కులు పెట్టుకుంటూ పోయినా సగటున 10 మార్కులు పడతాయి. అంచేత 12 వచ్చినవాళ్లకూ ఏమీ రానివాళ్లకూ తేడా ఆ పేపరు చెప్పదు. పైమార్కుల దగ్గర ఇంకా పెద్ద చిక్కు. టెన్సులూ వాయిసులూ బట్టీపట్టి పరీక్షలు రాసినవాళ్లకు 32 వస్తాయి, "పొద్దున్నేం తిన్నారు" అని ఇంగ్లిష్‌లో అడిగితే నోరు పెగలదు. బరంపురం లాడ్జీలో పదేళ్లు కౌంటరు దగ్గర కూర్చున్న మనిషికి 14 వస్తాయి, ఆయన ఫోనులో ఇంగ్లిష్‌లో గదులు బుక్ చేస్తాడు. మీ పద్ధతిలో ఆయన చివరి బ్యాచీకి పోతాడు, వారం తిరక్కుండా మానేస్తాడు.

ముందు నోరు, తర్వాత చెవి, ఆ తర్వాతే కాగితం. గిడుగు రామమూర్తి గారు సవర భాషను సవరల నోటి నుంచి నేర్చుకున్నది మీ పర్లాకిమిడిలోనే. భాష ముందు నోట్లో ఉంటుందన్న సంగతి మీ ఊరికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

కొలబద్దగా యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన ఆరు మెట్లు వాడుకోండి: ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2. ఇందులో పాసు ఫెయిలు లేవు. మనిషి ఇంగ్లిష్‌తో ఏ పని చేయగలడన్నదే లెక్క. తన పేరు, ఊరు, ఇంట్లోవాళ్ల గురించి విడివిడి మాటల్లో చెబితే ఎ1. రోజువారీ పనులు, నిన్న జరిగింది చిన్న వాక్యాల్లో చెబితే ఎ2. ఒక సంగతిని వరసగా చెప్పి, ఎందుకలా జరిగిందో వివరిస్తే బి1. తన అభిప్రాయం చెప్పి, మీరు కాదంటే నిలబెట్టుకోగలిగితే బి2. సాయంత్రం క్లాసుకొచ్చేవాళ్లలో అంతకు పైవాళ్లు అరుదు కాబట్టి ఈ నాలుగింటికి ప్రశ్నలు తయారు పెట్టుకుంటే చాలు.

మెట్టుకు నాలుగు చొప్పున ప్రశ్నలు ముందే రాసుకుని, అందరినీ అవే అడగండి. ఎ1కి: ఇక్కడికి ఎలా వచ్చారు, ఇంట్లో ఎంతమంది. ఎ2కి: నిన్న సాయంత్రం ఏం చేశారు, బజారులో ఏం కొన్నారు. బి1కి: రైలో బస్సో తప్పిపోయిన రోజు ఏం జరిగింది, పర్లాకిమిడికీ విశాఖపట్నానికీ తేడా ఏమిటి. బి2కి: ఊళ్లో ఒక కోటి రూపాయలు ఖర్చుపెట్టే అధికారం మీకిస్తే దేనికి పెడతారు. చెప్పాక "అది దండగ కదా" అని మీరు ఎదురు తిరగాలి. సాయం లేకుండా అర్థమయ్యేలా చెబితే రెండు, మీరు అందిస్తే చెప్పినదానికి ఒకటి, లేకపోతే సున్నా. ఎనిమిదికి అయిదు వస్తే పై మెట్టుకు వెళ్లండి. వరసగా రెండు సున్నాలు పడితే ఆపేయండి. ఆపి, కింది మెట్టు ప్రశ్న ఒకటి అడిగి, దానికి జవాబు చెప్పాకే లేవనివ్వండి. పెద్దవాళ్లు తెలియని ప్రశ్న దగ్గర లేచి వెళ్తే మళ్లీ రారు.

ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టుకోండి. ఆ మౌనం భరించలేక పరీక్షించేవాళ్లే జవాబు అందించేస్తారు. అన్నిచోట్లా జరిగే పొరపాటు ఇదే. అర్థం కాకపోతే అదే ప్రశ్న గట్టిగా అరవకండి, మాటలు మార్చి అడగండి.

ఇక బట్టీ సంగతి. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నారంటే "మైసెల్ఫ్ సో అండ్ సో, ఐ యామ్ హెయిలింగ్ ఫ్రమ్..." అంటూ రెండు నిమిషాలు గలగలా వస్తుంది. అది బడిలో వేసిన టేపు. మధ్యలో ఆపి "మీ అన్నయ్య గుణుపురంలో ఉంటారన్నారు, ఎన్నాళ్లకోసారి వస్తారు" అని అడగండి. అక్కడ వచ్చే జవాబే అసలు స్థాయి. రాతలో లీవు లెటరు కూడా అంతే. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని మొదలై "యువర్స్ ఒబీడియెంట్‌లీ" దాకా ఎ1 మనిషి కూడా తప్పు లేకుండా రాసేస్తాడు, ఆరో తరగతి నుంచీ అదే రాస్తున్నాడు కాబట్టి. దాని బదులు, మొదటిసారి వస్తున్న చుట్టానికి బస్టాండు నుంచి మీ ఇంటికి దారి రాయమనండి. పది నిమిషాలు చాలు. ఒకరు ఇలా రాశారనుకోండి: "యు కమ్ బస్టాండ్. స్ట్రెయిట్ గో. టెంపుల్ లెఫ్ట్ సైడ్. మై హౌస్ బ్లూ గేట్." క్రియలు సగం లేవు, ఆర్టికల్స్ అసలే లేవు. అయినా చుట్టం ఇల్లు చేరతాడు. ఇది ఎ1 దాటి ఎ2 గుమ్మంలో ఉన్న రాత. "వెన్ యు గెట్ డౌన్ ఎట్ ద బస్టాండ్, డోంట్ టేక్ ద ఫస్ట్ రోడ్ బికాజ్ ఇట్ ఈజ్ క్లోజ్డ్" అని రాశారంటే బి1 వైపు చూడండి. "వెన్", "బికాజ్" లాంటి మాటలు వాక్యాన్ని వాక్యంతో ముడివేస్తున్నాయా అన్నది స్పెల్లింగు తప్పుల కన్నా ఎక్కువ చెబుతుంది.

వినడానికి స్టేషన్ ప్రకటన లాంటిది ఒకటి మీరే రెండుసార్లు చదవండి: విశాఖపట్నం వెళ్లే రైలు 50 నిమిషాలు ఆలస్యం, రెండో ప్లాట్‌ఫారానికి బదులు ఒకటో ప్లాట్‌ఫారం నుంచి బయల్దేరుతుంది. ఎంత ఆలస్యం, ఏ ప్లాట్‌ఫారం, ఏం మారింది? జవాబు తెలుగులో చెప్పినా ఒడియాలో రాసినా మార్కు ఇవ్వాలి. ఇక్కడ కొలిచేది చెవినే. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా పట్టారో లేదో చూడండి, చాలామంది పడేది అక్కడే.

యాసకు మార్కు తగ్గించకండి. మనవాళ్లు "బస్సు", "యెగ్గు" అంటారు. ఒడియాలో చదివినవాళ్లు "వోట్"ని "బోట్" అంటారు. ఒడియాలో ఆడకూ మగకూ "సే" ఒక్కటే కాబట్టి అందులో పెరిగినవాళ్లు "హి", "షి" తారుమారు చేస్తారు. తెలుగులో "ఈయన మా అన్నయ్య" అంటే వాక్యం పూర్తయిపోతుంది, అందుకే "హి మై బ్రదర్" దగ్గర "ఈజ్" ఎగిరిపోతుంది. ఇవి క్లాసులో దిద్దాల్సినవి, అందుకని రాసిపెట్టుకోండి. మాట అర్థమైనంతవరకు వీటివల్ల మెట్టు దించకూడదు.

వినడం, చదవడం, రాయడం అందరికీ ఒకేసారి పెట్టొచ్చు. మాట మాత్రం ఒక్కొక్కరితో. మనిషికి 10 నిమిషాలు, రాసుకోవడానికి 2 అనుకుంటే 30 మందికి 6 గంటలు. ఇద్దరు కూర్చుంటే రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున. మొదలుపెట్టే ముందు ఆ ఇద్దరూ కలిసి నలుగురిని పరీక్షించి, విడివిడిగా మార్కులు వేసి పోల్చుకోవాలి. లేకపోతే ఒకరి ఎ2 ఇంకొకరి బి1 అవుతుంది.

ఫలితం ఒక అంకెగా రాయకండి. మాట ఎ2, వినడం ఎ2, చదవడం బి1, రాత ఎ1 అని నాలుగూ రాయండి. మీది మాట్లాడే క్లాసు కాబట్టి మొదటి రెంటిని బట్టి బ్యాచీ వేయండి. ఒక మెట్టు తేడా ఉన్నవాళ్లు కలిసి కూర్చోగలరు, రెండు మెట్లయితే కుదరదు. ఎటూ తేలనివాళ్లను కింది బ్యాచీలోనే వేయండి. సులువైన క్లాసులో పడ్డవాళ్లు విసుగొస్తే వచ్చి చెబుతారు, కష్టమైన క్లాసులో పడ్డవాళ్లు చెప్పకుండా మానేస్తారు. రెండు వారాలకు మళ్లీ చూసి మార్చండి. మారుస్తామని మొదటి రోజే అందరికీ చెప్పండి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రాయగడలో ఉంటాను. ఒడియా మీడియంలో ఎనిమిది దాకా చదివాను. తెలుగు మాట్లాడతాను గాని చదవడం రాదు. ఇంగ్లిష్ క్లాసుకు వెళ్తే ముందు పరీక్ష అన్నారు. పేపరు తెలుగులో, ఇంగ్లిష్‌లో ఉంది. సిగ్గేసి తిరిగొచ్చేశాను. నాలాంటివాళ్లు నేర్చుకోలేరా?

జవాబు: నేర్చుకుంటారమ్మా. అక్కడ తప్పు పేపరుది. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో లిపి ఉన్న ఊళ్లలో "మీరు ఏ లిపి తడుముకోకుండా చదువుతారు" అన్నది ఫారంలో మొదటి ప్రశ్నగా ఉండాలి. మీకు పరీక్ష నోటితోనే పెట్టాలి, సూచనలు తెలుగులో చెప్పాలి. మళ్లీ వెళ్లి ఈ మాటే చెప్పండి: "ఒడియా చదువుతాను, తెలుగు మాట్లాడతాను, పేపరు వద్దు, అడగండి చెబుతాను."

మీలాంటివారి దగ్గర చూడాల్సినవి వేరే. పెద్దబడి, చిన్నబడి అక్షరాలు జత కలపగలరా. బి, డి చిన్నక్షరాలు తికమక పడుతున్నారా. ఫోను నంబరు ఇంగ్లిష్‌లో చెబితే రాయగలరా. టికెట్, మిల్క్, డాక్టర్, బ్యాంక్ లాంటి రోజూ అనే మాటలు రాసి చూపిస్తే పోల్చుకోగలరా. పదింటిలో ఆరు పోల్చుకుంటే అక్షరాల క్లాసు కొద్ది వారాలు చాలు. రెండో మూడో అయితే అక్షరాల దగ్గర తీరిగ్గా మొదలుపెట్టాలి, అదేమీ చిన్నతనం కాదు. ఎ1కి కూడా ముందొక మెట్టు ఉంది, ఆ కొలబద్ద తయారుచేసినవాళ్లే తర్వాత దాన్ని చేర్చారు.

ఇంకో సంగతి. నలభై దాటాక దగ్గరి చూపు మందగించడం మామూలు. సన్న అక్షరాల జిరాక్సు పేపరు ముందు పెడితే, చదవడం వచ్చినవాళ్లు కూడా కూడబలుక్కుంటారు. కళ్లజోడు ఉంటే తీసుకెళ్లండి. లేకపోతే ముందు కళ్లు చూపించుకోండి. పరీక్ష పెట్టేవారు కూడా 14 పాయింట్ల కన్నా చిన్న అక్షరాలు వాడకూడదు.

ప్రశ్న: జయపురంలో స్టాఫ్ నర్సును. ఫోనులో పరీక్ష రాస్తే బి2 అని వచ్చింది. ఇంగ్లండు వెళ్లాలనుంది. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు నేరుగా ఫీజు కట్టేయొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఫోనులో ఉచితంగా దొరికే పరీక్షలు చాలావరకు చదవడం, వినడం మాత్రమే చూస్తాయి. మీ మాట, మీ రాత అందులో లేవు. ఇంగ్లండు నర్సుల నియంత్రణ సంస్థ ఎన్‌ఎమ్‌సి ఐఈఎల్‌టీఎస్‌లో అడిగేది 9కి మొత్తం మీద 7, మాట, వినడం, చదవడం మూడింటిలో 7 చొప్పున, రాతలో 6.5. బి2 అంటే ఆ లెక్కలో సుమారు 5.5 నుంచి 6.5 దాకా. అంటే ఫోను చెప్పింది నిజమే అయినా ఇంకా దూరం ఉంది.

మొత్తం బ్యాండు, అంటే నాలుగింటి సగటు స్కోరు, చూసి మురిసిపోకండి. 6.5, 6.5, 7, 5 వచ్చాయనుకోండి. సగటు 6.25, దాన్ని 6.5గా లెక్కిస్తారు. ఆ 6.5 కింద రాతలో వచ్చిన 5 దాక్కుంటుంది. నర్సులకు ఓఈటీ అనే ఇంకో పరీక్ష కూడా ఉంది. అందులో మాట్లాడే భాగం రోగితో సంభాషణే, రాత కూడా రోగిని గురించిన ఉత్తరమే. వార్డులో పనిచేసేవారికి అది చేతికందిన విషయం. అయితే ఇంగ్లిష్ తక్కువ ఉన్నా గట్టెక్కుతామనుకుంటే పొరపాటు.

ఇంట్లో ఇలా చూసుకోండి. డ్యూటీ మారేటప్పుడు ఒక రోగి గురించి చెప్పే సంగతులు ఇంగ్లిష్‌లో రెండు నిమిషాలు ఫోనులో రికార్డు చేయండి. కాగితం చూడకూడదు, రోగి పేరు చెప్పకూడదు. మర్నాడు వినండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ తెలుగుకో ఒడియాకో మళ్లారు, నిన్నటి సంగతి నేటి క్రియలో ఎన్నిసార్లు చెప్పారు? ఆగినచోట మందు పేరు గుర్తురాక ఆగితే పరవాలేదు. వాక్యం కట్టలేక ఆగితే ఆరు నెలలు మాట మీద పనిచేసి, అప్పుడు ఒక పూర్తి నమూనా పరీక్ష రాసి, ఆ తర్వాత ఫీజు కట్టండి. కట్టే ముందు ఎన్‌ఎమ్‌సి వెబ్‌సైటులో ఆనాటి నిబంధన చూసుకోండి.

ప్రశ్న: ఎ2 నుంచి బి1కి ఎన్నాళ్లు? గుణుపురంలో గోడల మీద నెలరోజులని రాస్తున్నారు.

జవాబు: కేంబ్రిడ్జి పరీక్షల వారి లెక్కలో మొదటినుంచి ఎ2కి 180 నుంచి 200 గంటల బోధన, బి1కి 350 నుంచి 400 గంటలు. మధ్య దూరం తక్కువలో తక్కువ 150 గంటలు. వారానికి మూడు రోజులు గంట చొప్పున వెళ్తే నెలకు 13 గంటలు, అంటే దాదాపు ఏడాది పడుతుంది. ఇంట్లో రోజూ అరగంట చదివి, విని, మాట్లాడితే కొంత ముందే చేరతారు.

ప్రశ్న: ఐఈఎల్‌టీఎస్ స్కోరు ఎన్నాళ్లు చెల్లుతుంది?

జవాబు: మామూలుగా పరీక్ష రాసిన తేదీ నుంచి రెండేళ్లు. అందుకే వెళ్లే ఏర్పాట్లు ఒక కొలిక్కి రాకముందే రాసి దాచుకోవద్దు.