దోమలు మందుకు అలవాటు పడవండీ

మల్కాజిగిరిలో మీ ఇంట్లో ఏ లిక్విడ్ పెట్టినా దోమలు చావట్లేదు, మందుకు అలవాటు పడ్డాయా అని అడిగారు కదా. ఏ దోమా తన జీవితకాలంలో అలా మారదు. గుంపులో పుట్టుకతోనే మందును తట్టుకునే జన్యువు ఉన్నవి కొన్ని ఉంటాయి, మందు మిగతావాటిని చంపేస్తే ఇవి మిగిలి గుడ్లు పెడతాయి, వీటికి ఒక తరమంటే కొన్ని వారాలే కాబట్టి కొన్నేళ్లకే ఎటు చూసినా ఆ సంతానమే. తట్టుకునేవే మిగిలి సంతానాన్ని పెంచుతాయన్న ఈ ఆలోచననే (ప్రకృతి వరణం అంటారు) శాస్త్రవేత్త డార్విన్ ఇరవై ఏళ్లు బయటపెట్టకుండా కూర్చుంటే, 1858లో ఇప్పటి ఇండోనేషియా దీవుల్లో జ్వరంతో పడుకున్న వాలెస్ అనే మరో శాస్త్రవేత్తకూ ఇదే తట్టింది, రాసి పంపింది కూడా డార్విన్‌కే (పాపం డార్విన్, ఎంత టెన్షన్ పడ్డాడో!). మీరు మాత్రం ఒకే మందును నమ్ముకోకండి. కూలర్, డ్రమ్ముల్లో నీళ్లు వారానికోసారి పారబోసి, రాత్రిళ్లు దోమతెర కట్టుకోండి.