కరెంటు వద్దనుకున్న మట్టి మిద్దెలు

ప్రశ్న: అమెరికాలో మా అబ్బాయి న్యూమెక్సికోలోని టావోస్ ప్యూబ్లో అనే ఊరు చూపించాడు. అచ్చం మా వైపు మట్టి మిద్దెల్లాంటివే, ఒకదాని మీద ఒకటి. వందల ఏళ్ల నాటివట, ఇప్పటికీ మనుషులు ఉంటున్నారు, కానీ కరెంటు లేదు. ఎందుకలా? శ్మశానం దగ్గర ఫోన్ తీస్తే వద్దన్నారు కూడా.
– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: మిద్దె పోలిక బాగా పట్టారమ్మా. అక్కడా గోడల మీద దుంగలు, వాటిపైన సన్న కర్రలు పరిచి మందంగా మట్టి వేస్తారు. గోడలు మట్టి, గడ్డి కలిపి చేసినవే. మట్టి వానకి కరగదా అంటే కరుగుతుంది, అందుకే పైపూత పోయినప్పుడల్లా మళ్లీ పూస్తారు, తరతరాలుగా ఆ పని ఆగలేదు కాబట్టే ఆ గోడలు ఉన్నాయి. మీరు చూసిన రెండు పెద్ద కట్టడాలు 1000–1450 మధ్యవని అంచనా. అప్పట్లో కింది గదులకి తలుపులే లేవు. నిచ్చెనతో పైకెక్కి, కప్పులోని కంతలోంచి లోపలికి దిగేవాళ్లు, శత్రువులొస్తే నిచ్చెన పైకి లాగేసేవాళ్లు.

కరెంటు లేనిది పేదరికం వల్ల కాదు. పాత గోడల లోపల కరెంటు, కుళాయిలు వద్దన్నది అక్కడుండే ఆదివాసుల (నేటివ్ అమెరికన్ల) కట్టుబాటు. చాలా కుటుంబాలకి గోడల బయట, తమ నేలలోనే అన్ని వసతులూ ఉన్న ఇళ్లున్నాయి, పండగలకి పాతింటికి వస్తారు.

ఊరి మధ్య పారే వాగు చూశారు కదా, అది కొండల్లోని బ్లూ లేక్ నుంచి వస్తుంది. ఆ సరస్సు వాళ్లకి గుడి. 1906లో ప్రభుత్వం దాన్ని నేషనల్ ఫారెస్ట్‌లో కలిపేసుకుంది. తర్వాత నష్టపరిహారం మాట వచ్చినా, డబ్బు వద్దు, మా సరస్సు మాకివ్వండి అని పట్టుబట్టారు. చివరికి 1970లో అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో 48,000 ఎకరాలు తిరిగొచ్చాయి. 64 ఏళ్లు! నాకు ఇది తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

ప్యూబ్లో అంటే స్పానిష్‌లో ఊరు. న్యూమెక్సికోలో ఇలాంటివి 19 ఉన్నాయి, భాషలు కూడా ఒకటి కాదు. అయినా 1680లో పోపే అనే పెద్దమనిషి టావోస్‌లో తలదాచుకుని, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న స్పానిష్ వాళ్ల మీద వాటిలో చాలా ఊళ్లని కలిపాడు. ముడులు వేసిన తాళ్లు ఊరూరికీ పరుగున పంపారు, రోజుకో ముడి విప్పాలి, ఆఖరి ముడి విప్పిన రోజే తిరుగుబాటు. ఇద్దరు వార్తాహరులు దొరికిపోవడంతో ముందే, ఆగస్టు 10న మొదలుపెట్టేశారు. స్పానిష్ వాళ్లు మళ్లీ రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

ఇక శ్మశానం. అక్కడ శిథిలమైన గంట గోపురం ఒకటి కనిపించి ఉంటుంది. అది పాత చర్చిది. 1847లో అమెరికా పాలనపై తిరగబడ్డవాళ్లు అందులో దాక్కుంటే సైన్యం ఫిరంగులతో కూల్చేసింది, సుమారు 150 మంది చనిపోయారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఆ పక్కనే ఉంటున్నారు. ఫోన్ దించమన్నది అందుకే అమ్మా.

మళ్లీ వెళితే ఇళ్ల ముందు గుమ్మటాల్లాంటి మట్టి పొయ్యిలు చూడండి. లోపల కట్టెలు మండించి, నిప్పులన్నీ బయటికి లాగేసి, ఆ కాగిన మట్టి వేడికే రొట్టె కాలుస్తారు. అమ్ముతుంటే ఒకటి కొనుక్కుని వేడివేడిగా తినండి.