స్టేటస్ ప్లానింగా, కార్పస్ ప్లానింగా?

మేడమ్, బడిలో మాతృభాషలో బోధన పెట్టడం భాషా ప్రణాళికలో స్టేటస్ ప్లానింగ్ కిందికి వస్తుందా, కార్పస్ ప్లానింగ్ కిందికా అని అడిగారు. టెన్షన్ పడకండి. బడిలో ఏ భాషలో బోధించాలన్నది సహా, ఏ భాషకు ఏ స్థానం ఇవ్వాలన్న నిర్ణయం స్టేటస్. అందుకు తగ్గట్టు లిపి, స్పెల్లింగులు, పారిభాషిక పదాలు సిద్ధం చేయడం కార్పస్. 1969లో భాషావేత్త హైంజ్ క్లోస్ చేసిన విభజన ఇది.

అసలు చిక్కంతా రెండోదాంట్లోనే. భిన్నంలో కింది అంకెను ‘హారం’ అంటాం. పిల్లకేమో హారమంటే మెడలో దండ! ఆ మాటను విడమరిచి చెప్పే పుస్తకం, టీచరు లేకుండా మాధ్యమం మారిస్తే నలిగిపోయేది పిల్లలే. నాకు అదే బాధ.

టీచర్ల శిక్షణ, పాఠాలు నేర్పే ఏర్పాట్లు మాత్రం మూడో కోవ, అక్విజిషన్ ప్లానింగ్. దీన్ని 1989లో సామాజిక భాషావేత్త రాబర్ట్ కూపర్ చేర్చారు. మీ జవాబులో అదీ రాయండి.