చేతిపుస్తకంలో క్యూఆర్ కోడ్‌లు పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

మీ రైతు ఉత్పత్తిదారుల సంఘం వేయబోయే వరి, మిరప సాగు చేతిపుస్తకంలో పాఠానికొక క్యూఆర్ కోడ్ పెట్టి, దాని వెనుక ఉండే మందుల పట్టికను ప్రతి సీజన్‌కూ మార్చుకునే ఏర్పాటు చేస్తున్నావని అక్క ఫోనులో చెప్పింది. గుంటూరు ప్రెస్సుల్లో వ్యవసాయ పుస్తకాల ప్రూఫులు దిద్దుతూ తల నెరిసినవాణ్ణి, ఆ పని మన ఇంటి పిల్ల చేతికి వచ్చిందంటే ఎంత గర్వపడ్డానో చెప్పలేను. కానీ కోడ్‌లు చేయడానికి ఏదో సైటులో ఉచిత ఖాతా తెరిచావని కూడా అక్క అన్నది, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

కోడ్‌లో కనిపించే చిన్న నలుపు తెలుపు గడుల్లో నాలుగింటి వెడల్పున దాని చుట్టూ తెల్ల జాగా వదలాలి. మెరిసే లామినేషన్ వద్దు. ఇవి ప్రెస్సువాళ్లకు ఒకసారి చెబితే చాలు.

చిరునామా సంగతి మాత్రం అలా వదిలేయడానికి లేదు. అచ్చయిన కోడ్ ఎన్నటికీ మారదు. అందులో ఉండేది ఒక పొట్టి చిరునామా మాత్రమే, అది ఫోనును ఒక సర్వరు దగ్గరికి తీసుకెళితే, అక్కడి నుంచి ఇవాళ్టి పీడీఎఫ్‌కు దారి మళ్లుతుంది. మనం మార్చగలిగేది ఆ మళ్లింపునే, కాబట్టి ఆ పొట్టి చిరునామా ఎవరి చేతిలో ఉందో పుస్తకం ప్రాణం వాళ్ల చేతిలో ఉన్నట్టే.

2019లో ఒక సంస్థ మా ప్రెస్సులో వరి చేతిపుస్తకం వేయించింది. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో 18 పురుగుమందులను నిషేధిస్తూ, ఫోరేట్‌తో సహా ఆరింటికి మాత్రం 2020 డిసెంబరు 31 దాకా గడువిచ్చింది కనుక, ఫోరేట్ గుళికల మోతాదు పుస్తకంలో ఉండనిచ్చి, గడువు దాటాక కోడ్ వెనుక పట్టికలో తీసేద్దామనుకున్నారు. ఆలోచన మంచిదే. అయితే ఆ కోడ్‌లన్నీ ఒక కుర్రవాడు తన సొంత ఈమెయిల్‌తో, గడువున్న ఉచిత ఖాతాలో తయారుచేశాడు. అతను ఉద్యోగం మారాడు, ఖాతా గడువు తీరింది, ఆ తరువాత ఏ పేజీలో కోడ్ స్కాన్ చేసినా డబ్బు కట్టమనే తెర వచ్చింది. గడువు దాటినా, నిషేధమైన మందు మోతాదు మాత్రం నల్లని అక్షరాల్లో, నేను స్వయంగా దిద్దిన పేజీలో, పల్లెపల్లెనా మిగిలిపోయింది. పంచేసిన పుస్తకాన్ని వెనక్కి పిలిపించే దారి లేదమ్మా. ఆ ఏడాది పుస్తకం పట్టుకొని ప్రెస్సు గుమ్మం దాకా వచ్చిన పెద్దాయన ఒకరు, ‘దీంట్లో ఏది నమ్మాలయ్యా?’ అని అడిగారు. ఆ పుస్తకం రాసినవాళ్లలో ఎవరూ అప్పుడు ఆయన ఎదురుగా లేరు.

అద్దె ఇంటి చిరునామాతో శుభలేఖలు అచ్చు వేయించవద్దు. సంఘం పేరు మీదే డొమైన్, అంటే సొంత వెబ్ చిరునామా కొనండి, అనేక సంవత్సరాలకు ఒకేసారి రుసుము కట్టండి, రెన్యువల్ తేదీని లెక్కల పుస్తకంలో రాయించండి, పాస్‌వర్డు ఇద్దరు పదాధికారుల దగ్గర ఉంచండి. నువ్వు పెళ్లయి ఊరు మారినా పుస్తకం పని ఆగకూడదు. పుస్తకం పాతబడిందని డొమైన్‌ను వదిలేయవద్దు సుమా. 2015లో జర్మనీలో హైంజ్ కెచప్ సీసా మీది కోడ్ స్కాన్ చేసిన వినియోగదారుడికి అశ్లీల సైటు తెరుచుకుంది, ప్రచారం ముగిశాక కంపెనీ వదులుకున్న డొమైన్‌ను వేరెవరో తీసుకోవడమే కారణం. మన పుస్తకాన్ని రైతు ఇంట్లో తెరిచి చదివిపెట్టేది ఎక్కువగా బడికెళ్లే పిల్లలే.

మళ్లింపును 302 రకంగా, అంటే తాత్కాలికంగా పెట్టించు. శాశ్వతమైన 301 పెడితే కొన్ని ఫోన్లు పాత గమ్యాన్నే గుర్తుంచుకొని పాత పట్టికనే చూపవచ్చు. చిరునామా పొట్టిగా ఉంటే గడులు పెద్దవై, చవక ఫోను కెమెరాకు కూడా తేలికగా అందుతాయి. కోడ్ కొంత చెడినా ఫోను చదవగలిగేలా చేసే దిద్దుబాటు స్థాయిని, 15 శాతం దాకా చెడినా తట్టుకొనే ‘ఎం’ కన్నా తగ్గించవద్దు, కుదిరితే 25 శాతం దాకా తట్టుకొనే ‘క్యూ’ పెట్టు, పొలంలో తిరిగే పుస్తకానికి మట్టి, చెమట తప్పవు. పట్టిక మొదటి పేజీలో సవరించిన తేదీ పెద్ద అక్షరాలతో ఉండాలి, పాత పట్టికలను చెరిపేయకుండా వేరేచోట దాచాలి.

నా భయం ఇంకొకటి ఉంది. మందు కొట్టేటప్పుడు కళ్లు తిరిగి పడిపోయిన మనిషి పక్కన నిలబడ్డవాళ్లకు సిగ్నలూ ఉండదు, చేతులూ నిలకడగా ఉండవు. ప్రథమ చికిత్స, 108 నంబరు, ఆసుపత్రికి మందు డబ్బా వెంట తీసుకెళ్లమన్న మాట, వీటిని కోడ్ వెనుక దాచావంటే నేను ఊరుకోను. వాటిని కాగితం మీదే, వెనుక అట్ట మీద వేయించు. మిరప కోతల కాలంలో మీ తాతయ్య నిన్ను భుజానెత్తుకొని కల్లంలో తిరిగేవారు, ఆ కల్లంలో పనిచేసినవాళ్ల పిల్లలే ఇవాళ నీ పాఠకులు.

ప్రూఫు సిద్ధం కాగానే కాగితం మీద తీయించి నాకు పంపు, తెర మీద చూసి దిద్దలేను. ఒక్కొక్క కోడ్‌నూ నా పాత ఫోనుతో మిట్టమధ్యాహ్నం ఎండలో స్కాన్ చేసి, ఏది దేనికి పోతోందో రాసి తిరిగి పంపుతాను. అంతవరకు ప్రెస్సుకు సరే అనవద్దు.

ఆశీస్సులతో,
మామయ్య