ఇంగ్లండ్ తీరపు శాండ్ క్రోకస్ మన చేవెళ్లలో పూస్తుందా?

సందేహం: మాది చేవెళ్ల దగ్గర పల్లె. ఎకరంలో బంతి, చామంతి వేసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తెస్తుంటాం. ఇంగ్లండ్‌లో ఉంటున్న మా అమ్మాయి ఏప్రిల్‌లో డాలిష్ వారెన్ అనే సముద్ర తీరానికి వెళ్లి, ఇసుక గడ్డిలో పూసిన చిన్న ఊదా పువ్వు ఫోటో పంపింది. శాండ్ క్రోకస్ అట, దుంపతో పెరుగుతుందట, చాలా అరుదట. దసరాకు వచ్చేటప్పుడు నాలుగు దుంపలు తెమ్మనమంటారా? మన ఎర్ర నేలలో వస్తుందా?

జవాబు: తెమ్మనకండి. వచ్చినా బతకదు, పైగా అక్కడ ఉన్నవి కొన్నే.

ఆ మొక్క అసలు పేరు రోములియా కొలమ్నే. కుంకుమపువ్వు, గ్లాడియోలస్ (పొడవాటి కాడకు వరుసగా పూలు పూసే దుంప మొక్క) కుటుంబంలోదే. మధ్యధరా సముద్ర తీరాల్లో బాగానే కనిపిస్తుంది కానీ, బ్రిటన్‌లో మాత్రం ప్రధానంగా మీ అమ్మాయి చూసిన ఆ ఇసుక నేలనే నమ్ముకుని ఉంది. ఆకులు దారాల్లా ఉంటాయి. పువ్వు మన చిటికెన వేలి గోరంత. ఎండ కాస్తేనే విప్పుకుంటుంది, మబ్బు పడితే ముడుచుకుపోతుంది. అలాంటి పువ్వును విచ్చుకుని ఉండగా చూడగలగడం మీ అమ్మాయి అదృష్టం.

దాని దుంపను కార్మ్ అంటాం. ఉల్లిగడ్డను అడ్డంగా కోస్తే పొరలు పొరలుగా వస్తుంది. కార్మ్‌ను కోస్తే కందగడ్డలా లోపలంతా ఒకటే గట్టి గుజ్జు. కంద, చేమ కూడా ఈ రకమే. గ్లాడియోలస్ మొక్కను పూత అయ్యాక తవ్వి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మీరు నాటిన పాత దుంప ఎండిన రేకులా అడుగున అంటుకుని ఉంటుంది, దాని నెత్తిన కొత్త దుంప కూర్చుని ఉంటుంది. ఆకులు వండిన తిండితోనే ఆ కొత్త దుంప ఊరుతుంది. అందుకే పువ్వు మీద ఉన్నప్పుడు పీకిన మొక్క దాదాపు పోయినట్టే. పాత దుంప ఖాళీ, కొత్తది ఇంకా నిండలేదు.

మన దగ్గర ఎందుకు రాదంటే, శాండ్ క్రోకస్ చలికాలమంతా పచ్చగా పెరిగి, వసంతంలో పూసి, ఎండాకాలం నేలలో పడుకుంటుంది. పడుకున్నప్పుడు దానికి పొడి ఇసుక కావాలి. మన దగ్గర సరిగ్గా అప్పుడే మే నెల 40 డిగ్రీల ఎండ, వెనకే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు. తడి మట్టిలో నిద్రపోయే దుంప కుళ్లిపోతుంది.

చట్టం సంగతీ చెప్పాలి. బ్రిటన్‌లో 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం స్థల యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనైనా వేళ్లతో పీకడం నేరం. మన వైపు 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. నాటే దుంప ఏదైనా సరే, దిగుమతి పర్మిట్, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాల్సిందే. దుంపతో పాటు వచ్చే తెగులు మన నేలకు పట్టిందంటే వదిలించుకోవడం చాలా కష్టం.

దుంప పూల మీద మనసైతే గ్లాడియోలస్ వేయండి. వానలు తగ్గాక అక్టోబర్, నవంబర్‌లలో నాటుకోవాలి. 4 నుంచి 5 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గట్టి దుంపలు ఏరుకోండి. పైపొర తీసి, వేలితో నొక్కితే మెత్తగా తగిలినవి, గోధుమ మచ్చలున్నవి పక్కన పడేయండి. లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు కలిపి అరగంట ముంచి, నీడన ఆరబెట్టి నాటండి. వరుసల మధ్య 30, దుంపల మధ్య 20 సెంటీమీటర్లు, లోతు 5. గుంటకు సుమారు 1,600 దుంపలు పడతాయి. నీరు నిలవకూడదు, ఎందుకంటే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే దుంప కుళ్లు ఈ పంటకు పెద్ద శత్రువు. మొక్కకు మూడు నాలుగు ఆకులు రాగానే మట్టి ఎగదోయండి.

గెల అడుగున ఒకటి రెండు మొగ్గలు రంగు చూపగానే కోయండి. కోసేటప్పుడు మొక్కకు కనీసం నాలుగు ఆకులు వదలండి. మార్కెట్‌లో పొడవు గెలకు ధర వస్తుందని మొదలంటా కోసేసేవాళ్లున్నారు, వాళ్లకు మరుసటి ఏడాది దుంప గోళీకాయంత కూడా రాదు. కోసిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆకులు పసుపెక్కాక తవ్వి, నీడన ఆరబెట్టి, మన ఎండాకాలం కాబట్టి కోల్డ్ స్టోరేజీలో పెట్టించండి.

దుంపల ఖర్చే ఇందులో ఎక్కువ. తొలి ఏడాది రెండు గుంటలకు మించి వేయకండి.

– పూలసాగు శాస్త్రవేత్త, హైదరాబాద్